గాలి గోదాము

లోకంల ఏ సర్కారు సుత ఇంతవరకు గాలిని పోగొట్టుకోలేదు, ఎందుకంటే ఏ సర్కారూ దాన్ని దాచిపెట్టుకోలేదు. ఆ రెండు ఘనకార్యాలనూ ఒకే ఏడాదిల చేసి చూపించిన గౌరవం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఉమ్మడి మెరుపు విత్తన సంస్థకు దక్కింది. ఈ ముచ్చట చరిత్రకు ఎక్కుతదో లేదో నాకు తెల్వదు గని, అర్జీలకు మాత్రం ఎక్కింది. ఆ అర్జీలు రాసింది నేనే.

నా పేరు బిక్షపతి. గూడూరు పోయే తొవ్వల, సంస్థ ఆఫీసుకు ఎదురుంగ, రేకుల షెడ్డు కింద టేబులేసుకొని ఇరవై రెండేండ్ల సంది అర్జీలు రాస్తున్న. (సంస్థ వచ్చి ఏడాది సుత కాలేదు. అంతకుముందు అదే బిల్డింగుల వేరే సంస్థ ఉండె, దానికి ముందు ఇంకోటి. బోర్డులు మారినయి, అర్జీలు మారలే.) మా పనికి ఒక కాయిదా ఉన్నది. జానెడు బాధ ఉంటే బారెడు రాయాలె. ఎందుకంటే అర్జీ ఒక టేబుల్ మీదికెళ్లి ఇంకో టేబుల్ మీదికి పోయినప్పుడల్లా అండ్ల బాధ కొంచెం కొంచెం రాలిపోతది. ఆఖరి టేబుల్ కాడ జానెడన్న మిగలాలంటే బారెడుతోని బయలుదేరాలె. కప్పు కురుస్తున్నదంటే ఇల్లు కూలిందని రాస్తం. కాలు బెణికిందంటే మంచాన పడ్డనని రాస్తం. దీన్ని అబద్ధమనొద్దు, రవాణా తరుగు అంటరు.

ఇగ యంత్రం సంగతి. పైనొక రేకు, కిందొక రేకు, నడుమ విత్తనాలు. రేకులకు వేల వోల్టుల కరెంటు ఇస్తే ఆ నడిమి గాలిల ఊదారంగు మెరుపులు చిర్రుమని లేస్తయి. మొగులు మీద కొట్టే మెరుపునే బీరువాంత డబ్బాల పెట్టిన్రన్నట్టు. ఆ మెరుపు తాకిన మక్క విత్తనం తొందరగ మొలుస్తదని చెప్పిన్రు. మొలిచింది సుత, ఉన్నమాట చెప్పాలె. అయితే మెరుపు విత్తనాన్ని తాకి ఊకోదు, గాలిని సుత చీలుస్తది. చీలిన గాలి మళ్ల అతుక్కునేటప్పుడు ఉన్నట్టు అతుక్కోదు, వేరే గ్యాసులయితది. ఓజోను ఒకటి, నత్రజని ఆక్సైడులని ఇంకొన్ని. మొదటిది జిరాక్స్ షాపుల వచ్చే వాసన కొడతది. రెండోయి గొంతును గోకుతయి. ఏదీ ఛాతీకి మంచిది కాదు. అందుకే యంత్రం చేసిన కంపెనీ తన పుస్తకంల మొదటి పేజీ మీదనే పెద్దక్షరాలతోని రాసింది, గదికి గాలి ఆడాలె అని. పుస్తకాలు మా దిక్కు మొదటి పేజీ నుంచి చదవరని పాపం ఆ కంపెనీకి తెల్వదు.

యంత్రం నడిపేది రూతు. ముప్పై నాలుగేండ్లుంటయి. ఇంటరు పాసయింది. ఇదివరకు కేసముద్రం దిక్కు కూలికి పోయి బస్తాలు కుట్టేది. నెలకింత అని జీతం పట్టే కొలువు ఆమె ఇంట్ల ఆమెదే మొదటిది. బిడ్డ అఖిల నర్సింగు చదువుతున్నది, ఆ చదువు ఈ కొలువు మీదనే నిలబడ్డది. సంస్థ రూతుకు జనగామల ఒక్కరోజు ట్రైనింగిచ్చింది. పొద్దంత ఉపన్యాసాలు విని ఆమె ఒక్క ముక్క గట్టిగ పట్టుకొని వచ్చింది, కిటికీ తెరిచి పెట్టాలె అని. ఆ గదికి ఒక దర్వాజ, ఒక కిటికీ. పొద్దుగాల వచ్చుడు, కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుంట ఇటుక పెట్టుడు, కండ్లు మూసుకొని ప్రార్థన చేసుడు, స్విచ్చి వేసుడు. పని రోజులు అరవై గిట్లనే గడిచినయి. గ్యాసు పుట్టింది, కిటికీలకెళ్లి పోయింది, ఎవరికీ ఏం కాలేదు. ఏ ఆఫీసుల సుత ఇట్లాంటి పరిస్థితిని ఎక్కువ రోజులు సాగనియ్యరు.

అరవై ఒకటో రోజు జనగామ నుంచి ఉప ఉత్పత్తుల పరిరక్షణాధికారి శైలజ మేడం తనిఖీకి వచ్చింది. ఆమె ముందుగాల రైసు మిల్లుల తనిఖీ చేసేది. సర్కారు వడ్లు ఆడిచ్చినంక బియ్యం ఒక్కటే చూసి పోతే కాదు గదా, తవుడు ఎంతొచ్చింది, నూక ఎంతొచ్చింది, అది ఏడున్నది అని అడగాలె. పద్నాలుగేండ్లు తవుడు దొంగలను పట్టింది ఆమె. లంచం ముట్టదు. చాయ్ సుత ఇంటికాడికెళ్లి ఫ్లాస్కుల తెచ్చుకుంటది. నిజాయితీ గల ఆఫీసరు మీద అర్జీ రాసుడు అన్నిటికన్న కష్టమైన పని, ఇది నా అనుభవం మీద చెప్తున్న.

మేడం కంపెనీ పుస్తకం చేతుల పట్టుకొని పంతొమ్మిదో పేజీ తెరిచింది. అక్కడ గిట్ల ఉన్నది: "యంత్రము నడుచునపుడు ఏర్పడు ఉప ఉత్పత్తులు: ఓజోను, గంటకు పన్నెండు గ్రాములు, నత్రజని ఆక్సైడులు, స్వల్పముగా." ఉప ఉత్పత్తులనే మాట చూడంగనే ఆమె కండ్లల్ల పాత మిల్లుల వెలుగు వచ్చిందని పోశాలు చెప్పిండు. (పోశాలు ఆఫీసు వాచ్‌మన్. ఆయన చెప్పకుంటె ఈ కథ సగం లేదు.)

"రూతూ, యంత్రం ఎన్నిరోజుల సంది నడుస్తున్నది?"

"అరవై రోజులు మేడం."

"రోజుకెన్ని గంటలు?"

"ఎనిమిది."

మేడం ఫోన్ల లెక్క కొట్టింది. "ఐదు కిలోల ఏడువందల అరవై గ్రాములు. ఏడ పెట్టినవ్?"

"ఏంది మేడం?"

"ఓజోను."

రూతు కిటికీ దిక్కు చూసింది. మేడం సుత అటే చూసింది. ఇటుక కనబడ్డది.

"అండ్లకెళ్లి పోయింది మేడం."

"తవుడు గిట్ల కిటికీలకెళ్లి పోతదా?"

"ఇది తవుడు కాదు మేడం. గాలి."

"కరెంటు సర్కారుది. యంత్రం సర్కారుది. గది సర్కారుది. అండ్ల పుట్టింది నీదెట్లయితది, నాదెట్లయితది? రెండునెలలకెక్కువే అయింది, ఇటుక పెట్టి మరీ సర్కారు సొత్తును బజార్ల పోస్తున్నవు."

ఆ టైముకు విత్తనాల బస్తా పట్టుకొని తండా నుంచి భీమ్లా, ఆయన భార్య సుక్కి దర్వాజ కాడ నిలబడ్డరు. సుక్కి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "మేడమ్మా, కంపు బయటికి పోతె మంచిదే గదా" అన్నది.

"అది కంపు కాదు, స్టాకు" అన్నది మేడం.

గంట తిరగకముందే కిటికీ మూసిన్రు. సందులల్ల బట్ట పేలికలు కుక్కి, మీద టేపు పెట్టి, నాలుగు మూలలకు లక్క సీలు వేసిన్రు. ఉప ఉత్పత్తుల నియమావళి పద్నాలుగో నిబంధన ప్రకారం సీలు విప్పే అధికారం జనగామకు లేదు, మహబూబాబాద్‌కు సుత లేదు. అది భూపాలపల్లిల ఉన్న వాతాయన విభాగానిది, అంటే కిటికీల శాఖది. (అక్కడ భూమి లోపలికి దిగి బొగ్గు తవ్వేటోళ్లు ఉంటరు గనుక గాలి విలువ ఆ ఊరోళ్లకే బాగ తెలుస్తదని విభాగాన్ని అక్కడ పెట్టిన్రట. విభాగంల పనిచేసేటోళ్లు మాత్రం హన్మకొండ నుంచి వచ్చిపోతరు.)

ఎనిమిది రోజులకు రూతు నా షెడ్డుకు వచ్చింది. కూసోమంటె కూసోలే. ముందుగాల దగ్గింది, తర్వాత మాట్లాడింది.

"అన్నా, ఒక అర్జీ రాయాలె. కిటికీ తీయమని."

"ఇంకా?"

"ఇంకేం లేదు. గొంతు మండుతున్నది, దగ్గు పడుకోనిస్తలేదు. కిటికీ తీస్తె తగ్గుతది."

"గింత చిన్నగ రాస్తె మహబూబాబాద్ సుత దాటదు చెల్లె. నువ్వు నిలబడు, నేను చూసుకుంట."

చూసుకున్న. నా ఇరవై రెండేండ్ల విద్యనంత తీసి ఆ తెల్లకాయితం మీద పెట్టిన. "అమ్మా, కిటికీ మూసినది మొదలు సదరు గదిలో ఉత్పత్తి అగుచున్న వాయువు యావత్తూ, ఒక్క గ్రామైనను వెలుపలికి పోకుండా, అభాగ్యురాలనైన నా ఛాతీలోనికే చేరుచున్నదని కన్నీళ్లతో విన్నవించుకొనుచున్నాను." చదివి వినిపించిన. కన్నీళ్లు అన్నకాడ ఇంకోసారి చదివిన.

రూతు ఒప్పుకోలే. "గంతనం లేదు అన్నా. అండ్ల సగం సుత లేదు. దర్వాజ తీసినప్పుడల్లా కొంత బయటికి పోతనే ఉంటది."

"నువ్వూకో. నీకు రవాణా తరుగు తెల్వదు."

సంతకం పెట్టింది. పెట్టిచ్చింది నేనే, ఇది ఎవరడిగినా చెప్త.

అర్జీ మెల్లగ జనగామ దిక్కు పోతుండంగ, జనగామ నుంచి స్టాకు కాపాడేటందుకు నీలం రంగు డ్రమ్ములు ఆరు వచ్చినయి. యంత్రానికి పైపు పెట్టి ఒక్కొక్క డ్రమ్ము నింపిన్రు, మూత బిగించిన్రు, మూత మీద తేదీ రాసిన్రు. మరునాడు మేడం కొలిచే మీటరు తెచ్చి మూత తీయించింది. సున్నా. రెండో డ్రమ్ము, సున్నా. ఆరు డ్రమ్ములల్ల ఆరు సున్నాలు. మేడం కంపెనీ టెక్నీషియన్‌కు ఫోను కొట్టి స్పీకర్ల పెట్టింది.

"ఓజోను నిలువ ఉండది మేడం. కొంతసేపటికి దానంతటదే మామూలు ఆక్సిజన్ అయిపోతది" అన్నడు ఆయన.

"ఎవరి పర్మిషన్‌తోని?"

ఆయన ఆక్సిజన్ సంగతి మళ్ల మొదటికెళ్లి చెప్పబోయిండు, మేడం చెప్పనియ్యలే.

"పద్నాలుగేండ్ల సంది మిల్లోళ్లు నాకు ఇదే కథ చెప్పిన్రు. సన్నబియ్యమే పెట్టినం మేడం, గోదాముల ఉండి ఉండి దొడ్డుబియ్యం అయినయి అని." ఫోను పెట్టేసి, స్టాకు మాయమైనందుకు గది తాళం ఎవరి చేతిల ఉంటదో వాళ్ల మీద దొంగతనం కేసు రాయమన్నది. తాళం రూతు చేతిల ఉంటది.

కేసు కాయితం టైపయి సంతకానికి మేడం టేబుల్ మీదికి వచ్చిన పూటనే, నా అర్జీ సుత అదే టేబుల్ మీదికి వచ్చింది. ఎన్నడూ టైముకు చేరని అర్జీ ఆ ఒక్కనాడు చేరింది. మేడం రెండుసార్లు చదివిందట. "యావత్తూ" అన్నకాడ ఒకసారి, "ఒక్క గ్రామైనను" అన్నకాడ ఒకసారి ఎర్ర పెన్నుతోని గీత గీసిందట. కేసు కాయితం పక్కకు పెట్టి కొత్త ఉత్తర్వు రాసింది. నిజం చెప్పాలంటే అది దయతోని రాసిన ఉత్తర్వు.

"సదరు ఆపరేటర్ స్వయముగా వ్రాతపూర్వకముగా అంగీకరించినందున, ఐదు కిలోల ఏడువందల అరవై గ్రాముల ఓజోను ఆమె ఛాతీయందు ఉన్నట్లు నిర్ధారించడమైనది. దొంగతనం అభియోగమును ఉపసంహరించుకొని, సదరు ఛాతీని సంస్థ యొక్క తాత్కాలిక గోదాముగా గుర్తించడమైనది. గోదాములకు వర్తించు నిబంధనలన్నియు తక్షణమే అమలులోనికి వచ్చును."

(కిటికీ తెరిచి ఉన్న అరవై రోజుల గాలి సుత అండ్లకే ఎట్ల చేరిందని అడగొద్దు. యావత్తూ అంటే యావత్తూ.)

గోదాము నిబంధనలు చానా ఉంటయి. రూతు కుర్సీ వెనుక గోడకు "ఇచ్చట పొగ త్రాగరాదు" అని బోర్డు కొట్టిన్రు. అది ఒక్కటే ఆమెకు పనికొచ్చిన నిబంధన. ఎలుకలు పట్టకుంట మందు పెట్టాలెనని ఇంకో నిబంధన ఉండె గని, పోశాలు ఆ పొట్లం తీసుకపోయి మోరిల పారేసి పెట్టినట్టు రాసిండు. గోదాముకు కాపలా ఉండాలె గనుక పోశాలును ఆమె పక్కకు స్టూలేసి కూసోబెట్టిన్రు. ఆయనకు ఒక నోటుబుక్కు ఇచ్చి, ఆమె దగ్గినప్పుడల్లా గీత పెట్టమన్నరు. దగ్గితే గ్యాసు బయటికి పోతది, బయటికి పోతే లీకేజీ. మొదటిరోజు రెండువందల పన్నెండు గీతలయినయి. లీకేజీ తగ్గించుకోవాలని రూతుకు మెమో వచ్చింది.

తూకం గురించి సుత చెప్పాలె. గోదాముల సరుకు ఉన్నదో లేదో తూకం వేయకుంట తెల్వదు. లారీని లోడుతోని కాంటా మీద ఎక్కిచ్చి, ఖాళీ బండి బరువు తీసేస్తె సరుకు తేలుతది. రూతును లోడుతోని తూకం వేసిన్రు, నలభై ఐదు కిలోలు వచ్చింది. అండ్ల సరుకు ఐదు కిలోల ఏడువందల అరవై అని ముందే తేలింది గనుక, ఖాళీ రూతు ముప్పై తొమ్మిది కిలోల రెండువందల నలభై గ్రాములని తేల్చిన్రు.

"కొలువుల చేరినప్పుడు నేను నలభై ఎనిమిది ఉండె" అన్నది రూతు.

"అప్పుడు నువ్వు గోదాము కాదు గదా" అన్నరు తూకమోళ్లు. పద్ధతి ప్రకారం అది బరాబర్ జవాబే.

మళ్ల విత్తనాలకు వచ్చిన సుక్కి ఈ బోర్డు, స్టూలు, నోటుబుక్కు అన్నీ చూసి గడప మీదనే కూసున్నది. "బిడ్డా, ఇవన్ని ఎందుకు? ఇటుకతోని ఒక్కటి కొడితె ఆ సీలు ఊడిపోదా?" అన్నది.

"సీలు పగిలితె కొలువు పోతది అవ్వా. బిడ్డ చదువు ఆగిపోతది."

"ఊపిరి ఆగిపోతె చదువు సాగుతదా?"

రూతు లేచి సుక్కి విత్తనాలు బస్తాలకు ఎత్తింది. పోశాలు నోటుబుక్కు మూసి బయటికి పోయి బీడీ వెలిగించిండు. (గోదాముకు ఇరవై అడుగుల దూరంల. నిబంధన అట్లనే ఉన్నది.)

మూడో నెల నడుస్తుండంగ రూతు మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కుడు షురూ అయింది. నేనే తోల్కపోయి డాక్టర్ కరుణ దగ్గర చూపిచ్చిన. ఆమె రూతు వీపు మీద చానాసేపు చెవిగొట్టం పెట్టి విన్నది. తర్వాత నా దిక్కు మర్లి, "ఈమె ఏ గదిల పనిచేస్తది? ఆ గదికి కిటికీ లేదా?" అని కోపంగ అడిగింది. ఉన్నదని చెప్పిన. అదే ఇంకింత కోపం తెచ్చింది. మందుల కన్న ముందు కిటికీ తీయాలని, వరంగల్ పెద్ద దవాఖానల ఛాతీ పరీక్ష చేయించాలని, అది సుత ఆలస్యం చేయకుంటనని చీటీ మీద రాసి కింద రెండు గీతలు గీసింది.

వరంగల్ మా జిల్లా కాదు. స్టాకున్న గోదాము జిల్లా దాటి పోవాలంటే రవాణా పర్మిట్ ఉండాలె. అడవికెళ్లి టేకు దుంగ తీసుకపోయేటప్పుడు ఇచ్చేటి పర్మిటే, దుంగ అన్నకాడ కొట్టేసి గోదాము అని రాస్తరు. పర్మిట్ లేకుంట పోతె సరుకు జప్తు చేస్తరని ఉన్నది. సరుకు జప్తు అంటే ఏం జప్తు చేస్తరని రూతు నన్ను అడిగింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. పెంచి రాసింది నేను. సగం సుత లేదని ఆ పిల్ల చెప్పంగ చెప్పంగ నోరు మూయించింది నేను. తెల్లారి మొదటి బస్సుకు జనగామ పోయి మేడం ముందు నిలబడ్డ.

"మేడం, ఆ అర్జీల మాట ఆమెది కాదు. నాది. నేను పెంచి రాసిన."

మేడం ఫ్లాస్కు మూత పెట్టి నన్ను చూసింది. "అంటే స్టాకు ఆమె ఛాతీల లేదు?"

"లేదు మేడం."

"మరి ఏడున్నది?"

"ఏడ లేదు. గాలిల కలిసిపోయింది."

"అయితే దొంగతనం కేసు మళ్ల తెరవాలె." బీరువాకెళ్లి ఆ పాత కాయితం తీసి టేబుల్ మీద పెట్టింది. ఆమె గొంతుల కోపం లేదు. "బిక్షపతి గారూ, ఆ పిల్ల మీద నాకు పగ ఏం లేదు. గోదాము అయితే కొలువుల ఉంటది. దొంగ అయితే ఉండది. రెండిట్ల ఏది రాయమంటరో మీరే చెప్పున్రి, అట్లనే రాస్త."

ఇరవై రెండేండ్లు మందికి మాటలు రాసిచ్చి బతికినోన్ని, ఆనాడు నా నోట్లకెళ్లి వచ్చింది రెండు మాటలే. "గోదామే ఉండనియ్యున్రి" అని వచ్చిన. బస్సుల కూసొని నా కుడిచేయి నేను చూసుకుంటె నాకే అసయ్యమైంది.

తిరిగొచ్చి రూతుకు ఉన్నదున్నట్టు చెప్పిన. తిడుతదనుకున్న. తిడితె బాగుండు.

"నేను సగం సుత లేదని చెప్పిన గదా అన్నా" అన్నది, అంతే. అని దగ్గింది. పోశాలు నోటుబుక్కు తెరవలే, ఆ ఒక్క దగ్గు ఏ రికార్డుల సుత లేదు.

ఇగ పర్మిట్ పని మీద పడ్డం. ఈసారి నేను ఒక్క విశేషణం వాడలే. ఫారం నింపిన, డాక్టరమ్మ చీటీ జత చేసిన, మూడు జిల్లాలు తిరిగిన. మహబూబాబాద్ సంతకం వారానికి అయింది. జనగామ సంతకం నాలుగు రోజులకే అయింది, ముందే చెప్పిన, ఆమె మంచి ఆఫీసరు. భూపాలపల్లి సంతకానికి పదిరోజులు, అండ్ల ఆరు రోజులు సంతకం పెట్టే సారు హన్మకొండ నుంచి బయలుదేరుడే లేదు. మూడు సంతకాలయినంక మిగిలింది ఒక్కటే, మా ఆఫీసు గుండ్రటి స్టాంపు గుద్దుడు.

ఆ స్టాంపు యంత్రం గదిల ఉన్న బీరువాల ఉంటది. ఆఫీసు మొత్తానికి తాళం పడే బీరువా అదొక్కటే. పోశాలు తాళం తీసి, స్టాంపు ప్యాడుకు ఒత్తి, పర్మిట్ మీద గుద్దిండు. చూస్తె అక్షరాలు అక్షరాలుగ లేవు. తిప్పి చూస్తె రబ్బరు ఈ అంచు నుంచి ఆ అంచుదాక పగుళ్లు పట్టి ఉన్నది. ఓజోను రబ్బరును గిట్లనే తింటదట, టెక్నీషియన్ తర్వాత చెప్పిండు. సంస్థ పేరు నడుమకు చీలిపోయింది. మూడు జిల్లాల పేర్లల్ల ఒక్కటి సుత పూర్తిగ పడలే.

అప్పుడు చూడాలె మా వ్యవస్థ ఎంత చురుకైందో. పదకొండు గంటలకు పోశాలు మహబూబాబాద్‌కు ఫోను కొట్టిండు. పన్నెండుకు జనగామకు తెలిసింది. ఒంటిగంటకు భూపాలపల్లిల విచారణ కమిటీ వేసిన్రు. (హన్మకొండ నుంచి అందరు వచ్చి ఉన్నరట ఆనాడు.) మరునాడు పొద్దుగాలనే ముగ్గురు మెంబర్లు తెల్లకారుల దిగిన్రు. రూతు దగ్గుడు షురూ అయ్యి అప్పటికి తొంభై ఏడు రోజులు, స్టాంపు పగిలి ఒక్కరోజు.

ముగ్గురూ యంత్రం గదిలకు పోయిన్రు. నాలుగు నిమిషాలకు రుమాళ్లు ముక్కులకు పెట్టుకొని బయటపడ్డరు. ఒకాయనకు కండ్లల్ల నీళ్లు కారుతున్నయి. ఇంకొకాయన గోడ పట్టుకొని నిలబడి, "మనుషులుండే గదేనా ఇది?" అన్నడు. ఆ మాట వినంగనే నాకు ఆశ పుట్టింది. రూతు సుత కుర్సీల నుంచి లేచి దర్వాజ దాక వచ్చింది. వాళ్లు మా షెడ్డు కిందనే, నా టేబుల్ మీదనే కూసొని, నా పెన్నుతోనే ఉత్తర్వు రాసిన్రు. రాసి, సంతకాలు పెట్టి, నీళ్లు తాగి పోయిన్రు. నేను రూతుకు చదివి వినిపించిన.

"సదరు గదిలో ఏర్పడు వాయువులు అత్యంత హానికరమైనవని, గాలి ఆడని స్థితిలో రబ్బరు వీటిని తట్టుకొనజాలదని కమిటీ ప్రత్యక్షముగా నిర్ధారించుకొన్నది. ఇంతకాలము ఇట్టి ప్రమాదకర స్థితిలో స్టాంపును ఉంచుట తీవ్ర నిర్లక్ష్యముగా భావించడమైనది. కావున స్టాంపును తక్షణమే రెండు కిటికీలు గల గదిలోనికి మార్చి, ఫ్యాను కింద ఉంచవలెను. మరమ్మతు పూర్తియగు వరకు దానిపై ఎట్టి పనిభారమును మోపరాదు. పర్మిట్లన్నియు అప్పటివరకు నిలిపివేయడమైనది."

"నా సంగతి?" అన్నది రూతు.

కాయితం వెనుకకు తిప్పి చూసిన. తెల్లగ ఉన్నది.

పోశాలు స్టాంపును రెండు చేతులల్ల పట్టుకొని ఎదుటి గదిలకు తీసుకపోయిండు. ఆ గది కిటికీలు రెండూ తెరిచిన్రు, ఫ్యాను వేసిన్రు. రూతు నా టేబుల్ ముందటి బల్ల మీద కూసున్నది. అప్పటిదాక ఎన్నడూ కూసోలే. ఊపిరి కుదిరేదాక చూసి, "అన్నా, ఇంకో అర్జీ రాయి" అన్నది.

"ఏమని రాయాలె చెల్లె?"

"నేను రబ్బరునని రాయి."

నవ్వుతున్నదేమో అని మొఖం చూసిన. నవ్వుతలేదు.

"ఈసారి పెంచకు. ఒక్క ముక్కనే రాయి."

ఒక్క ముక్కనే రాసిన. "అమ్మా, నేను రబ్బరును. ఇట్లు, రూతు." ఇరవై రెండేండ్లల నేను నా సొంతంగ ఏదీ కలపని అర్జీ అదొక్కటే.

తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. (స్టాంపు విశ్రాంతిల ఉన్నది గనుక సంతకం ఒక్కటే ఉన్నది.) "దరఖాస్తును కూలంకషముగా పరిశీలించడమైనది. దరఖాస్తుదారు రబ్బరు అయినచో ఈపాటికి పగిలియుండెడిది. ఆమె నేటివరకు ఒక్కరోజు సైతము గైరుహాజరు కాకుండా విధులకు వచ్చుచున్నందున, ఆమెకు ఏమియు కాలేదని నిర్ధారించి దరఖాస్తును తిరస్కరించడమైనది."